186 ఎంబీ పీపీటీని మెయిల్‌లో పట్టించడం: కర్నూలు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

శనివారం

మా చుట్టుపక్కల హైస్కూళ్లలో సోషల్ చెప్పే టీచర్లం కొందరం కలిసి ‘మన కర్నూలు’ అని ఒక పీపీటీ (పవర్‌పాయింట్ స్లైడ్ల ఫైలు) తయారుచేస్తున్నాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సొంత జిల్లా చరిత్ర కళ్లకు కట్టాలని. ఎర్రగుడి అశోకుడి శాసనాలు, కొండారెడ్డి బురుజు, సుంకేసుల దగ్గర మొదలయ్యే కె.సి. కెనాల్, 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులు, 2009 అక్టోబరు వరద, 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా విడిపోవడం వరకు అన్నీ ఉన్నాయి. తలా ఒక భాగం చేసి పంపారు. అన్నీ ఒక ఫైలులో కలిపితే 64 స్లైడ్లు, 186 ఎంబీ అయింది.

అందరికీ పంపగానే తుగ్గలి వైపు పనిచేసే సార్ ఫోన్ చేశారు. “మేడమ్, ఇది డౌన్‌లోడ్ అయ్యేదానికే పొద్దు పోతాంది. అయినాక ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తిరుగుతానే ఉంది. పిల్లోళ్లకు చూపించేది ఎప్పుడు?” ఆయన స్కూల్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టరు. చాలా స్కూళ్ల పరిస్థితి అదే. పీపీటీ ఎంత బాగున్నా తెరుచుకోకపోతే పిల్లలకు దక్కేదేమీ లేదు. అందుకే ఈ పని నేను తీసుకున్నాను.

ఎంతకు తగ్గించాలో ముందే ఒక లెక్క ఉండాలి. మేం పంపాల్సిన మెయిల్‌కి 20 ఎంబీ పరిమితి. అలాగని 20 ఎంబీ ఫైలు అందులో పోదు. మెయిల్‌లో అటాచ్‌మెంట్ పోయేటప్పుడు ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా మార్చి పంపుతారు. అంటే ఫైలు మూడో వంతు పెరుగుతుంది. కాబట్టి లక్ష్యం 15 ఎంబీ లోపు.

జిప్ చేసి పంపొచ్చు కదా అని మా టీచర్ల గ్రూపులో అడిగారు. చేసి చూపించాను, కదిలింది చాలా కొంచెం. పవర్‌పాయింట్ 2007తో వచ్చిన పీపీటీఎక్స్ ఫైలు అసలు జిప్ ఫైలే. లోపలి జేపెగ్ ఫొటోలు, వీడియోలు అప్పటికే కుదించి ఉన్నవి. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే ఇంకేం తగ్గుతుంది?

ఆదివారం

పీపీటీఎక్స్ జిప్ ఫైలే కావడం వల్ల మనకు ఒక మేలుంది: లోపల ఏది ఎంత బరువో విప్పి చూడొచ్చు. ఫైలుకి ఒక కాపీ తీసి (అసలు ఫైలు మీద ఈ పని ఎప్పుడూ చేయొద్దు), విండోస్‌లో ఫైలు పేర్ల చివరి ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టి, ‘.పీపీటీఎక్స్’ అన్నచోట ‘.జిప్’ అని మార్చాను. తెరిస్తే ‘పీపీటీ’ అనే ఫోల్డరు, దాంట్లో ‘మీడియా’ అనే ఫోల్డరు. ఫొటోలు, వీడియోలు అన్నీ అక్కడే ఉంటాయి. సైజు ప్రకారం వరుసలో పెడితే లెక్క తేలిపోయింది:

ఒకే ఒక్క వీడియో 74 ఎంబీ. బొమ్మలన్నీ కలిపి 96. ‘ఎంబెడింగ్స్’ ఫోల్డరులో 9. ‘ఫాంట్స్’లో 5. మిగతా సరంజామా, అంటే 64 స్లైడ్లలో మేం రాసిన మాటలతో సహా, 2 ఎంబీ కూడా లేదు.

అందరం కూర్చుని రాసిన పాఠం మొత్తం ఆ చివరి రెండు ఎంబీలోనే ఉంది. ఈ లెక్క చూడకుండా స్లైడ్లు తీసేద్దాం, యానిమేషన్లు తీసేద్దాం అని మొదలుపెడితే పాఠం పాడవుతుంది తప్ప ఫైలు తగ్గదు. గ్రూపులో అప్పటికే ‘40 స్లైడ్లకు కుదిద్దాం’ అన్న మాట వచ్చింది. ఈ లెక్క పెట్టి, ఒక్క స్లైడు కూడా తీయొద్దని చెప్పాను.

మీడియా ఫోల్డరులో పేర్లు ‘ఇమేజ్17’ లాగా ఉంటాయి, ఏది ఏ స్లైడుదో తెలియదు. ‘స్లైడ్స్’ ఫోల్డరులో ‘_రెల్స్’ అని ఇంకో చిన్న ఫోల్డరు ఉంది. అందులో ప్రతి స్లైడుకీ ఒక ఫైలు, ఆ స్లైడు ఏ బొమ్మను వాడుతోందో దాంట్లో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చాలు.

సోమవారం, స్కూలయ్యాక

వీడియో సంగతి తొందరగా తేలింది. సుంకేసుల బ్యారేజీ గేట్ల నుంచి తుంగభద్ర దూకుతున్న దృశ్యం, ఫోన్‌తో తీసింది. 35 సెకన్ల వీడియోలో మనకు కావాల్సింది 12 సెకన్లు. ఆ భాగం చేసినవారు ప్లేబ్యాక్‌లో ‘ట్రిమ్’ చేసే పంపారు. కానీ ట్రిమ్ చేస్తే మిగతా 23 సెకన్లు కనిపించవు, అంతే. ఫైలులో భద్రంగా ఉంటాయి. ‘ఫైల్’లో ‘ఇన్ఫో’ కింద ‘కంప్రెస్ మీడియా’ నొక్కితేనే ఆ ముక్క నిజంగా పోతుంది. అక్కడ 1080, 720, 480 అని మూడు స్థాయిలు ఇస్తుంది. 720 ఎంచుకున్నాను. 74 ఎంబీ వీడియో 6 అయింది. ఫైలు 118కి దిగింది.

మంగళవారం, బుధవారం

ఫొటోలు. ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాను.

మా స్లైడు వెడల్పు 13.33 అంగుళాలు. అంగుళానికి 150 పిక్సెళ్లు ఇస్తే స్లైడు నిండా పరిచిన ఫొటోకి 2000 పిక్సెళ్ల వెడల్పు చాలు. మామూలు ప్రొజెక్టర్లు చూపించగలిగేది 1024 లేదా 1280, మంచివైతే 1920. ఫోన్ కెమెరా ఇచ్చేది 4000 పిక్సెళ్లు. అంటే వెడల్పులో సగం, ఎత్తులో సగం, మొత్తం మీద ముప్పాతిక భాగం పిక్సెళ్లు ఏ తెర మీదా కనపడకుండానే ఫైలులో కూర్చుంటాయి. స్లైడులో మూలకు చిన్నగా పెట్టిన ఫొటోకైతే ఇంకా ఎక్కువ వృథా. మూలలు పట్టుకుని బొమ్మను చిన్నది చేసినంత మాత్రాన దాని బరువు తగ్గదు.

పవర్‌పాయింట్‌లో దీనికి ఉన్న దారి అందరికీ తెలిసిందే: ఏదైనా ఫొటో మీద నొక్కి, ‘పిక్చర్ ఫార్మాట్’లో ‘కంప్రెస్ పిక్చర్స్’. అక్కడ రెండు టిక్కులు చూసుకోవాలి. ‘ఈ ఒక్క బొమ్మకే’ అన్న టిక్కు తీసేయాలి, లేకపోతే ఒక్కటే తగ్గుతుంది. ‘క్రాప్ చేసిన భాగాలు తీసేయి’ అన్న టిక్కు ఉంచాలి. క్రాప్ చేసిన ముక్క కూడా ట్రిమ్ చేసిన వీడియో లాంటిదే, దాగి ఉంటుంది. కొండారెడ్డి బురుజు దగ్గర తీసిన ఒక ఫొటోలో ఎడమపక్క మా పిల్లలు యూనిఫారంతో ఉన్నారు. క్రాప్ చేసి బురుజు మాత్రమే ఉంచాం. ఎవరైనా క్రాప్ వెనక్కి లాగితే పిల్లల ముఖాలు మళ్లీ వచ్చేస్తాయి. సైజు కోసం కాకపోయినా ఆ టిక్కు పెట్టి తీరాలి.

ఇది చేశాక ఫోన్ ఫొటోలు బాగా దిగాయి. మూడు బొమ్మలు మాత్రం మొండికేశాయి. చూస్తే మూడూ పీఎన్‌జీలు. ఎవరో ఫొటోను ఏదో యాప్‌లో తెరిచి పీఎన్‌జీగా సేవ్ చేశారు. ఒక్కోటి 13, 14 ఎంబీ. పీఎన్‌జీ ఒక్క పిక్సెల్ కూడా వదలకుండా దాస్తుంది. గీతలకు, పటాలకు, అక్షరాలకు అది మంచిది. రాళ్లు, చెట్లు, ఆకాశం ఉన్న ఫొటోకి జేపెగ్ చాలు. ఆ మూడింటినీ మీడియా ఫోల్డరు నుంచి బయటికి తీసి, ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో 2000 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, 80 క్వాలిటీతో జేపెగ్ చేశాను. తర్వాత పీపీటీలో ఆ బొమ్మ మీద కుడి నొక్కు నొక్కి ‘ఛేంజ్ పిక్చర్’. ఇలా చేస్తే బొమ్మ ఉన్న చోటు, కొలత, యానిమేషన్ అలాగే ఉంటాయి. డిలీట్ చేసి కొత్తది పెడితే అవన్నీ మళ్లీ చేసుకోవాలి. 41 ఎంబీ ఉన్న మూడు పీఎన్‌జీలు జేపెగ్‌లయ్యాక అన్నీ కలిపి రెండు ఎంబీ కూడా లేవు.

జిప్‌లోనే నేరుగా బొమ్మ మార్చే పద్ధతి కూడా ఉంది. అదే పేరు, అదే ఎక్స్‌టెన్షన్, అదే నిష్పత్తి ఉంటే పనిచేస్తుంది. జిప్ ఫైళ్లు తెరిచే 7-జిప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, చిన్నది చేసిన ఫైలును పాతదాని మీద పడేస్తే సరి. జేపెగ్‌కి జేపెగ్ అయితేనే ఇది. పీఎన్‌జీ స్థానంలో జేపెగ్ పెట్టాలంటే లోపలి రెల్స్ ఫైళ్లు కూడా సవరించాలి, అంత అవసరం లేదు. జిప్‌ను పూర్తిగా విప్పి మళ్లీ జిప్ చేసేవాళ్లు బయటి ఫోల్డరును కాకుండా లోపలి వాటిని ఎంచుకుని జిప్ చేయాలి. లేకపోతే పవర్‌పాయింట్ ‘రిపేర్ చేయాలా’ అని అడుగుతుంది.

ఫైలు 50 దగ్గరికి వచ్చింది.

గురువారం

ఎర్రగుడి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన స్లైడ్లు ఇవి.

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, తుగ్గలి మండలంలో, గుండ్ల మీద చెక్కిన శాసనాలు. 1920ల చివర్లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గుర్తించారు. పెద్ద శిలాశాసనాలూ, చిన్న శిలాశాసనాలూ రెండూ ఒకేచోట ఉన్న స్థలం ఇది. చిన్న శిలాశాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఎద్దులు సాలు తిరిగినట్టు. పిల్లలకు ఈ మాట చెబితే నమ్మరు. ఫొటో మీద బాణాలు గీసి, అక్షరం అక్షరం చూపించాలి.

మంగళవారం అన్ని ఫొటోలూ ఒకేసారి కుదించే ముందు ఈ శాసనాల ఫొటోలు రెండింటినీ పక్కకు తీశాను. ఎందుకు తీశానో గ్రూపులో అందరికీ చూపిద్దామని, ఒక కాపీలో వీటినీ అంగుళానికి 96 పిక్సెళ్ల ‘ఈ-మెయిల్’ స్థాయికి దించాను. ఈ శాసనాల లిపి బ్రాహ్మీలో ‘క’ అంటే కూడిక గుర్తు. అది బాగానే ఉంది. ‘ఠ’ అంటే ఉత్త సున్న. ‘థ’ అంటే సున్న, మధ్యలో చుక్క. 96లో ఆ చుక్క రాతి గరుకులో కలిసిపోయింది. మా తొమ్మిదో తరగతి అమ్మాయిని పిలిచి, ముందు రోజు బోర్డు మీద నేర్పిన అక్షరాలు చదవమంటే ‘థ’ని చూసి ‘ఠ’ అంది. ఆ పాప తప్పేం లేదు, తెర మీద చుక్క లేదు. 150లో పెడితే చుక్క ఉందా లేదా అన్నట్టు ఉంది. 220లో స్పష్టంగా ఉంది.

రెండువేల రెండువందల ఏళ్లకు పైగా ఎండకు, వానకు నిలిచిన చుక్క అది. ఎంబీలు మిగల్చడం కోసం దాన్ని మనం చెరిపేయకూడదు.

అందుకని దారి మార్చాను. గుండు మొత్తం కనపడే ఫొటోను 150కి దించాను. అది చోటు చూపించడానికే. అక్షరాలు చదవాల్సిన ఫొటోలు మాత్రం కావాల్సిన నాలుగైదు వరుసల దగ్గరికి క్రాప్ చేసి, ఆ ముక్కలోని పిక్సెళ్లన్నీ ఉంచాను. బండ, ఆకాశం, ఇనుప కంచె పోయాయి. బరువంతా అక్షరాల మీదే ఉంది. తుగ్గలి సార్‌ని అడిగితే సాయంత్రం నాలుగున్నరకు, ఎండ పక్క నుంచి పడేటప్పుడు మళ్లీ తీసి పంపారు. నడినెత్తిన ఎండ ఉంటే చెక్కిన గీతలో నీడ పడదు, అక్షరం తేలదు. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమన్నాను, లేకపోతే అక్కడే నలిగిపోతుంది.

ఒక జాగ్రత్త: పవర్‌పాయింట్ కొత్తగా పెట్టిన బొమ్మల్ని సేవ్ చేసేటప్పుడు దానంతట అదే కుదిస్తుంది. ‘ఆప్షన్స్’లో ‘అడ్వాన్స్‌డ్’ కింద ‘ఈ ఫైలులో బొమ్మల్ని కుదించవద్దు’ అన్న టిక్కు పెట్టిన తర్వాతే శాసనం ఫొటోలను తెచ్చి పెట్టాను. ముందు మిగతావన్నీ కుదించడం, తర్వాత ఈ టిక్కు, ఆఖరున శాసనాలు. ఈ వరుస తప్పితే చుక్క పోతుంది.

శుక్రవారం

‘ఎంబెడింగ్స్’ ఫోల్డరులో 9 ఎంబీ ఏమిటో చూశాను. ఒక ఎక్సెల్ ఫైలు.

పిల్లలు తమ ఊళ్లలో ఏ ఇంట్లో ఏ పంట వేశారో అడిగి రాసుకొచ్చారు. వేరుశనగ, పత్తి, ఉల్లి, కంది, మిరప. ఆ లెక్కతో ఒక చిన్న పట్టిక స్లైడులో ఉంది. దాన్ని ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించేటప్పుడు మొత్తం వర్క్‌బుక్ లోపలికి వచ్చేసింది. స్లైడు మీద కనిపించేది ఆరు వరుసలు. పట్టిక మీద రెండుసార్లు నొక్కితే మిగతా షీట్లన్నీ తెరుచుకున్నాయి: ఇంటి పెద్దల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికెంత భూమి.

నాకు చాలా టెన్షన్ వచ్చింది. ఈ ఫైలు అప్పటికే గ్రూపులో ఉంది. వెంటనే అందరికీ ఫోన్ చేసి పాత ఫైలు తీసేయమన్నాను, గ్రూపులోంచి కూడా తీయించాను. సైజు తగ్గించే పని అనుకుని మొదలుపెట్టాం గానీ, లోపల విప్పి చూడకపోయుంటే మన పిల్లల్ని నమ్మి వివరాలు చెప్పిన రైతుల నంబర్లు ఎన్ని చేతులు మారేవో. మీరు చేసే పీపీటీల్లో ఎక్సెల్ నుంచి వచ్చిన పట్టికలు గానీ చార్టులు గానీ ఉంటే, ఎవరికైనా పంపే ముందు ఒక్కసారి ఆ ఫోల్డరు తెరిచి చూడండి.

పట్టికను తీసేసి పవర్‌పాయింట్‌లోనే కొత్తగా ఆరు వరుసల పట్టిక వేశాను. 9 ఎంబీ పోయి కేబీల్లోకి వచ్చింది. మొత్తం 41.

శనివారం

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతి.

రెండు భాగాల్లో తెలుగు వాక్యాలు బొమ్మలుగా ఉన్నాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన పాత నోట్సు అది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది కాబట్టి, వాళ్లు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టారు. పాపం, వాళ్లకు ఉన్న దారి అదే. అన్నీ కలిపి 9 ఎంబీ. తెర మీద మసకగా ఉంటాయి, వెతికితే దొరకవు, ఒక్క అచ్చుతప్పు దిద్దాలన్నా కుదరదు. సాయంత్రమంతా కూర్చుని, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను. ఇద్దరు పిల్లలు చదివి చెబుతుంటే తొందరగా అయింది. 9 ఎంబీ పోయి, బదులుగా పెరిగింది లెక్కలోకి రాదు.

ఇంకో భాగంలో అందమైన తెలుగు ఫాంట్లు వాడి, వాటిని ఫైలులో ఎంబెడ్ చేశారు, అంటే ఫాంట్లను కూడా ఫైలు లోపలే పెట్టేశారు. అదే ఆ 5 ఎంబీ. శీర్షికలతో సహా అన్నీ నిర్మలా యూఐకి మార్చి, ‘సేవ్’ ఆప్షన్లలో ఎంబెడ్ టిక్కు తీసేశాను. విండోస్ 8 నుంచి ఆ ఫాంటు విండోస్‌తోనే వస్తుంది. ఫాంటు అందం కొంత తగ్గింది, ఒప్పుకుంటాను. పాఠం ప్రతి స్కూల్లోనూ తెరుచుకోవడం నాకు ఎక్కువ ముఖ్యం.

మాస్టర్ స్లైడ్లు (మిగతా స్లైడ్లకు రూపం ఇచ్చే మూసలు): వేరువేరు ఫైళ్ల నుంచి ‘అసలు ఫార్మాట్ అలాగే ఉంచు’ అని అతికించినప్పుడల్లా దాని మాస్టరు, లేఅవుట్లు, బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు కూడా వెంట వచ్చాయి. ‘వ్యూ’లో ‘స్లైడ్ మాస్టర్’ తెరిచి, స్లైడ్లన్నిటికీ ఒకే మాస్టరు ఇచ్చి, మిగతావి డిలీట్ చేశాను. 6 ఎంబీ దాకా తగ్గింది.

మొత్తం ఇప్పుడు 20.4.

ఆదివారం

ఇంకా దాదాపు ఐదున్నర ఎంబీ తగ్గాలి. శాసనం ఫొటోల జోలికి పోను.

వీడియోను 720 నుంచి 480కి దించాను. నీళ్లు దూకే దృశ్యానికి అది చాలు, చదవాల్సిన అక్షరం ఏదీ లేదు. 6 నుంచి 2.6కి వచ్చింది.

జిల్లా పటం 3.1 ఎంబీ పీఎన్‌జీ. 2022కి ముందు, తర్వాత సరిహద్దులు రెండు రంగుల్లో గీసినది. దీన్ని జేపెగ్ చేస్తే ఊళ్ల పేర్ల చుట్టూ మురికి పట్టినట్టు మచ్చలు వస్తాయి. ఆదోని, ఎమ్మిగనూరు లాంటి పేర్లు చదవడానికి ఇబ్బంది. పటంలో వాడిన రంగులే పట్టుమని పది లేవు. అందుకని గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో తెరిచి, ‘ఇమేజ్’లో ‘మోడ్’ను ‘ఇండెక్స్‌డ్’ చేసి, 64 రంగులకు తగ్గించి పీఎన్‌జీగానే దాచాను. 0.7 ఎంబీ. గీత చెక్కుచెదరలేదు.

14.6 ఎంబీ. మెయిల్ పోయింది.

సోమవారం, తరగతిలో

మా స్కూలు ప్యానెల్ (తరగతిలోని పెద్ద స్మార్ట్ తెర) ఆండ్రాయిడ్‌తో నడుస్తుంది. అక్కడ నిర్మలా యూఐ లేదు, వేరే తెలుగు ఫాంటు వచ్చింది. అక్షరాలు కాస్త వెడల్పు కాబట్టి మూడు స్లైడ్లలో ఆఖరి వరుస పెట్టె దాటి కిందికి జారింది. ఆ పెట్టెలు పెంచాను. ఇక నుంచి తెలుగు పెట్టెల్లో కనీసం ఒక వరుస ఖాళీ ఉంచాలని గ్రూపులో చెప్పాను.

శాసనం స్లైడు వచ్చినప్పుడు ఆఖరి బెంచీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ అడిగాను. ‘థ’లో చుక్క అందరికీ కనిపించింది. బాణాలు చూసుకుంటూ కుడి నుంచి ఎడమకు చదివే వరుసను వేలితో గాలిలో రాశారు.

సాయంత్రం తుగ్గలి సార్ ఫోన్ చేశారు. ఆయన ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంది, ఒక పీరియడ్‌లో సగం పాఠం అయింది. ఎర్రగుడి వాళ్ల ఊరి పక్కనే కాబట్టి పిల్లలు ఎప్పుడు తీసుకుపోతారని ఆయన వెంటపడుతున్నారట.

తర్వాతి పని

రెండో భాగంలో ఓర్వకల్లు మండలం కేతవరం రాతిచిత్రాలు ఉంటాయి. అక్కడ చిక్కు వేరు. బొమ్మలు ఎక్కువగా ఎర్ర రంగులో, వెలిసిపోయి ఉంటాయి. జేపెగ్ సాధారణంగా వెలుగునీడల్ని అన్ని పిక్సెళ్లకూ దాచుకుంటుంది గానీ రంగు వివరాన్ని చాలాసార్లు నాలుగో వంతు పిక్సెళ్లకే తగ్గిస్తుంది. రాయి గోధుమ రంగు మీద సన్నటి ఎర్రగీత ఉంటే అదే ముందు చెదురుతుంది. గింప్‌లో జేపెగ్ ఎగుమతి చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ‘సబ్‌శాంప్లింగ్’ అన్నచోట 4:4:4 ఎంచుకుంటే రంగు వివరం పోదు, ఫైలు కొంచెం పెరుగుతుంది. రెండు రకాలుగా చేసి, ముందు ప్యానెల్ మీద, తర్వాత తుగ్గలి సార్ ప్రొజెక్టరు మీద పక్కపక్కన పెట్టి చూడాలి. ఫొటోలు తీసేవాళ్లకు ఇప్పుడే చెప్పేశాను: డాక్యుమెంటుగానే పంపండి, క్రాప్ నేను చేస్తాను, మనుషుల్ని ఫ్రేములోకి రానివ్వకండి.